జక్రయ్య సగం సున్నా

మా నిజాంపట్నం హార్బరులో బోట్ల మీద పేర్లు రాసే జక్రయ్యకి సున్నా అంటే పడదు. అక్షరాలన్నీ ముత్యాల్లా రాస్తాడు. సున్నా దగ్గరికి వచ్చేసరికి సగం చుట్టి వదిలేస్తాడు.

ఎనభై మూడులో నా కొత్త బోటుకి మా అమ్మాయి పేరు 'సంతోషకుమారి' అని రాయించాను. చదివినవాడల్లా 'సతోషకుమారి' అనడం మొదలుపెట్టాడు. మా ఆవిడ వెంకటరావమ్మ నాకు కూర వడ్డించడం మానేసింది.

"ఏమయ్యా, మిగతా సగం ఏదీ?" అని నిలదీశాను.

"సముద్రంలో ఉందండీ."

"ఉంటే ఉండనీ. దీనిక్కూడా వెయ్యి."

"వద్దండీ. నిండు సున్నా పిలుస్తది."

"ఎవర్ని?"

అతను నీళ్ళకేసి చూస్తూ కుంచె కడుక్కున్నాడు. పట్టపగలు, మాడిపోయే ఎండ. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది.

భయం ఒకపక్క, ఇంట్లో పోరు ఒకపక్క. చివరికి నేనే రంగు తెచ్చి మిగతా సగం పూశాను. మర్నాడు చూస్తే సరిగ్గా ఆ సగమే గీకేసి ఉంది. నాలాగే సున్నా నింపుకున్న పక్క బోటు 'గంగాభవాని'కీ అదే గతి. ఉప్పెనలో పోయినవాళ్ళు వచ్చి గీకుతున్నారని హార్బరంతా గుసగుసలు. నేనైతే పగలు కూడా గట్టిగా దగ్గుతూ బోటెక్కేవాణ్ణి.

విచిత్రమేమిటంటే, చర్చి గోడ మీద జక్రయ్య రాసిన వాక్యాల్లో సున్నాలన్నీ నిండుగానే ఉండేవి.

"అక్కడెలా వచ్చాయయ్యా?"

"అక్కడ నీళ్ళు లేవు గదండీ!"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

ఒక శీతాకాలం పొద్దున రేవంతా మంచు కమ్మేసింది. సత్తెనపల్లి దగ్గర మిరప తోటలున్న యలమందయ్య, సముద్రం మీద మోజుపడి బందరులో కొన్న బోటు ఆ పొద్దునే వచ్చింది. దాని మీద వాళ్ళావిడ పేరు 'వెంకటేశ్వరమ్మ' అని బందరులోనే రాయించాడు. మంచులో బోటు కనపడలేదు. ముందు ఆ నిండు సున్నా ఒక్కటే తెల్లగా తేలుతూ వచ్చింది.

ఒడ్డున రొయ్యల తలలు తీస్తున్న అంకమ్మ గిన్నె వదిలేసి లేచింది. "వచ్చాడు," అంది. మెల్లగా నీళ్ళల్లోకి నడిచింది. మోకాళ్ళు, నడుము, భుజాలు మునిగాయి. నేను దూకి చెయ్యి పట్టుకున్నాను. విదిలించి పారేసింది. ఆ బలం మనిషిది కాదు.

ఇంతలో జక్రయ్య రంగు డబ్బా పళ్ళతో కరుచుకుని బోటు దాకా ఈది, ఆ సున్నాలో సగం మీద నల్లరంగు కొట్టాడు.

"ఒరేయ్! నా బోటురా!" అని యలమందయ్య పైనుంచి గావుకేక పెట్టాడు.

అంకమ్మ ఆగింది. ఆ సున్నాని కాసేపు చూసింది. "ఇది కాదులే," అని వెనక్కి తిరిగింది.

ఆమె దూరంగా చీర పిండుకుంటుంటే, జక్రయ్య వణుకుతూ మాతో చెప్పాడు.

"వాళ్ళాయన తోమా తన బోటుకి 'అంకమ్మ' అని ఈమె పేరే రాయించాడండీ. ఈమెకి చదువు రాదు. ఆ సున్నా చూపించి, 'ఇది కనపడితే నేనొచ్చినట్టే' అన్నాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో పోయాడు. అప్పట్నించీ బోటు మీద సున్నా కనపడితే చాలు, ఈమె నీళ్ళల్లో దిగిపోద్ది."

"అయితే నా బోటు గీకిన దెయ్యం..."

"నేనేనండీ."

జక్రయ్యని ఏడిపించినందుకు నాకు సిగ్గేసింది, దెయ్యం లేనందుకు ప్రాణం లేచొచ్చింది. యలమందయ్య కూడా తిట్లు ఆపేశాడు. "సగం చాల్లేవయ్యా. ఇంట్లో ఆవిణ్ణి నేను మాత్రం పూర్తి పేరు పెట్టి పిలుస్తున్నానా?" అన్నాడు.

అంకమ్మ మా దగ్గరికి వచ్చింది. బోటు మీది సగం సున్నాని, ఒళ్ళంతా రంగైన జక్రయ్యని మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వింది.

"ఇన్ని బోట్లు రాశావు, సున్నా చుట్టడం రాదేంటన్నా నీకు? మా ఆయన్ని రానీ, దగ్గర కూర్చోబెట్టి నేర్పిస్తాడు."

జక్రయ్య బుద్ధిగా తలూపాడు.

"అట్టాగే అంకమ్మా. నేర్చుకుంటాలే."