ఊ కొట్టిన మాట

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెకు చేతులకు పని ఉంటుంది గాని నోటికీ చెవికీ ఉండదు. అందుకే పొద్దున్న బల్ల దగ్గర నిలబడగానే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇంటికి ఫోను కలుపుతుంది. పరాయి దేశం వచ్చి తొమ్మిదేళ్ళయినా పుట్టింట్లో ఆమెకు తెలియకుండా ఆవగింజ కూడా చిటపటలాడదు. కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ చెల్లెలి అలక తీరుస్తుంది, ప్యాంటు మడత సరిచూస్తూ వదినకు సలహా చెబుతుంది. ఆ పక్కనే హోరెత్తే యంత్రాల్లోంచి భర్త తడి దుప్పట్లు లాగుతుంటాడు. ఆయన ఏదైనా అంటే, ఫోను ఆపకుండానే ఊ కొడుతుంది.

మొన్న పుట్టింటివాళ్ళంతా ప్రయాణంలో ఉండి ఫోను ఎత్తలేదు. తోచక ఆమె భర్తను పిలిచింది. ఆయన తిరగలేదు. దగ్గరికెళ్ళి భుజం తట్టింది.

“ఇన్నిసార్లు పిలిస్తే పలకరేంటండీ?”

“ఈ పక్కకి వచ్చి చెప్పు. ఎడమ చెవి వినపడదు కదా.”

“ఎప్పట్నుంచి?”

“ఏడాది దాటింది. ఈ మోతకే పోయిందన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే నీకు చెప్పాగా, ఊ అన్నావు.”

చెల్లెలి కొడుక్కి చెవిపోటు వస్తే ఏ పూట ఎన్ని చుక్కలు వేశారో ఈ రోజుకీ ఆమె చెప్పగలదు. ఆయన కుడి పక్కకు వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.

“డాక్టరు ఏమన్నాడో మొత్తం చెప్పండి. వింటాను.”

“ఇప్పుడేముంది చెప్పడానికి,” అన్నాడాయన, కోపమేమీ లేకుండా. “అలవాటైపోయింది.”