కంట్రోలర్ సారు గుర్రాల జాబితా

నలభై రెండేళ్లుగా నేను రోజూ డైరీ రాస్తున్నాను. వాన మొదలైన గంట, పాలు విరిగిన పూట, చెప్పు తెగిన చోటు, అన్నీ అందులో ఉంటాయి. వాటిలో ఒక్క పేజీని మాత్రం మా ఆవిడ అండాలు మగ్గం పోగులకు పట్టించే గంజి పూసి, పక్క పేజీకి అతికించి, పైన పొత్రం పెట్టి ఆరబెట్టింది. ఈ జ్ఞాపకం రాయడానికి నిన్న ఆ పేజీని కుక్కరు ఆవిరి మీద పట్టి విప్పాను. పేజీ విడిపోయింది, వేళ్లు కాలాయి. అందులో ఉన్న ఘోరంతో పోలిస్తే కాలిన వేళ్లు లెక్కలోవి కావు. గుండె జబ్బు ఉన్నవారు ముందు గోడకు ఆనుకుని కూర్చుని, తర్వాత చదవవలసిందిగా మనవి.

నేను చౌటుప్పల్ బస్టాండులో కంట్రోలరుగా పనిచేశాను. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, ఎందుకు వచ్చింది అని రాయడమే ఉద్యోగం. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు రిటైరయ్యాను. మర్నాడు కూడా అలవాటు కొద్దీ బస్టాండు ఎదుట మా బామ్మర్ది యాదగిరి చాయ్ హోటల్లో కూర్చుని బస్సులు రాసుకున్నాను. మూడో రోజుకు వాడికి జాలేసింది.

"బావా, బస్సులు రాసి రాసి కండ్లు పోతయి. ఆయితారం మలక్‌పేటకు రా, గుర్రాలను చూపిస్త."

"నాకు జూదం పడదు."

"ఆడకు, చూడు. నీకు పాసు ఉన్నది గద, బస్సు కిరాయి సుత లేదు."

కిరాయి లేదన్న మాటకు లొంగని రిటైర్డ్ ఉద్యోగి ఇంకా పుట్టలేదు.

రేసుకోర్సులో నేను గుర్రాల వైపు పెద్దగా చూడలేదు. నా చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో ప్రతి గుర్రానికి ఒక నంబరు, దాన్ని తోలే జాకీ పేరు, అది మోసే బరువు, పోయినసారి పరుగుకు పట్టిన సమయం సెకండ్లతో సహా ఉన్నాయి. నా కళ్లు చెమర్చాయి. కొందరికి దేవుడు రాతిలో కనిపిస్తాడు. నాకు టైం షీటులో కనిపించాడు.

ఆ వారమే రెండు సూత్రాలు కనిపెట్టాను. మొదటిది ఆలస్య సూత్రం. నిన్న లేటుగా వచ్చిన డ్రైవరు మెమోకు భయపడి ఇవాళ తొందరగా వస్తాడు. కనుక పోయినసారి వెనుకబడిన గుర్రం ఈసారి ముందుకు రావాలి. గుర్రాలకు మెమోలు ఇవ్వరన్న సంగతి అప్పట్లో నా దృష్టికి రాలేదు. రెండోది బరువు సూత్రం. ఖాళీ బస్సు వేగంగా పోతుంది. కనుక తక్కువ బరువు మోసే గుర్రం మొదట రావాలి. ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగేవాణ్ని, చాలా నెలలు.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ రోజు పెద్ద రేసులో పరుగెత్తే గుర్రాలన్నిటినీ మొదటిది నుంచి చివరిది దాకా వరుసగా రాసి, హోటల్లో చదివి వినిపించేవాణ్ని. నేను కట్టేది చాయ్ డబ్బులంత, పోగొట్టుకునేదీ అంతే. నా జాబితాకు మాత్రం శిష్యులు పెరిగారు. అందరికన్నా ముందు ఉండేవాడు మందుల ఫ్యాక్టరీలో పనిచేసే జంగయ్య. నన్ను చూడగానే భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచేవాడు.

"సారూ, ఆఖరిది ఏది?"

"ముందు మొదటిది విను."

"మొదటిది మీకు, సారూ. మాకు ఆఖరిది చెప్పుండ్రి సాలు."

ఆ వినయానికి ముచ్చటపడి ఆ రోజు డైరీలో ఇలా రాశాను: 'మొదటిదాన్ని ఎవడైనా అడుగుతాడు. చివరిదాన్ని అడిగేవాడే నిజమైన విద్యార్థి.' ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

సోమవారాలు వాళ్లు నాకు జిలేబీ తెచ్చేవారు.

"నా గుర్రం రాలేదు కదయ్యా, జిలేబీ ఎందుకు?"

"అంత మీ దయనే సారూ."

యాదగిరి హోటల్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. చాయ్ బాగా అమ్ముడవుతోందని రాసుకున్నాను.

ఈలోగా ఇంట్లో వేరే చింత. అండాలు మగ్గం వేసే కొట్టం మీద రేకులు పగిలాయి. మాది గుంట మగ్గం. వాన నీళ్లు గుంటలోకి దిగినా, మగ్గం మీది పోగు తడిసినా చీర పోయినట్టే. రెండేళ్లు చీరలు నేసి అమ్మి మిగిల్చిన డబ్బు ఒక శనివారం అండాలు నా చేతిలో పెట్టింది.

"ముసురు పట్టకముందే రేకులు పడాలె. దుకాణపాయనకు ఇయ్యి. మర్సిపోకు."

"నేను మర్చిపోతనా? డైరీల రాసుకున్న."

రాసుకున్నాను కూడా. కానీ దుకాణానికి వెళ్లేలోపు జ్వరం తగిలి మంచాన పడ్డాను. మర్నాడు ఆదివారం హోటలుకు పోలేకపోయాను. ఎనిమిదింటికల్లా జంగయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చి, మంచం దగ్గర నిలబడి, జాబితా రాయించుకుని పోయాడు.

"చూసినవా, గౌరవమంటె గది," అన్నాను.

అండాలు పక్క కొట్టంలో మగ్గం మీద నాడె ఆపకుండానే అంది, "గౌరవమా? నీ లిస్టును కిందికెల్లి చదువుతరు. నువ్వు ఆఖర్న రాసిన గుర్రం మీద పైసలు పెడ్తరు."

"ఎవలు చెప్పిండ్రు?"

"నా తమ్ముడే. బస్టాండుల కుక్కకు సుత ఎరుకనే. బలమున్న గుర్రానికే బరువెక్కువ కడ్తరట, అన్ని సమానం కావాల్నని. నువ్వు బరువు తక్కువున్నదాన్ని ఏరి మొదట రాస్తవు. అంటే ఉన్నదాంట్ల పీనుగ గుర్రాన్ని."

జ్వరం దిగిపోయింది. డైరీలు తీసి ప్రతి ఆదివారాన్నీ కింది నుంచి సరిచూశాను. అండాలు చెప్పింది నిజం. నేను చివర రాసినవే తరచూ ముందు వచ్చాయి. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. నా మూటను వీళ్లు తలకిందులుగా విప్పి జిలేబీలు తిన్నారు.

మనిషికి అవమానం జరిగినప్పుడు రెండు దార్లు ఉంటాయి. ఒకటి తల వంచుకుని రేకుల దుకాణానికి పోవడం. ఆ వారమంతా నేను రెండోదాని గురించి ఆలోచించాను. ఇన్నాళ్లూ నా విద్యతో లోకం బాగుపడింది. ఇక నేను బాగుపడాలి. రేకులే కాదు, కొట్టంలో అండాలుకు ఒక ఫ్యాను కూడా.

తర్వాతి ఆదివారం ఏమీ తెలియనట్టు హోటల్లో జాబితా చదివాను. మొదటిది తొమ్మిదో నంబరు, అన్నిటికన్నా తేలిక. చివరిది ఒకటో నంబరు, అన్నిటికన్నా బరువు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి ఉందని చెప్పి బస్సెక్కి, మలక్‌పేటలో దిగి, రేకుల డబ్బు మొత్తం ఒకటో నంబరు మీద పెట్టాను. జీవితంలో మొదటిసారి నా తీర్పుకు వ్యతిరేకంగా టికెట్టు కొన్నాను. యాదగిరి, జంగయ్య కూడా వచ్చారు. నేను స్తంభం చాటున నిలబడ్డాను.

మూడు గంటల పది నిమిషాలకు చినుకులు మొదలై, పది నిమిషాల్లో ధారలయ్యాయి. మైదానం బురదైంది.

బురదలో ఏ బస్సు దిగబడుతుందో నాకు తెలియదా? ముప్పై ఏళ్లు రాశాను. నిండు బస్సు దిగబడుతుంది, ఖాళీది జారిపోతుంది. ఒకటో నంబరు గుర్రం సంత రోజు బస్సులాగా వంగి, ఊగి, ఏడో స్థానంలో వచ్చింది. తొమ్మిదో నంబరు అందరికన్నా ముందు వచ్చింది. నెలల తరబడి నేను మొదట రాసినా ఎప్పుడూ రాని తేలిక గుర్రం, నేను వదిలిపెట్టిన రోజున వచ్చింది.

తిరుగు బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యం. రాసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి కొట్టం కారుతోంది. అండాలు తన పాత చీరలన్నీ మగ్గం మీద కప్పి, గుంటలో నీళ్లు చెంబుతో తోడి పోస్తోంది. నన్ను చూసి, "రేకులేవి?" అంది. నేను కూడా చెంబు అందుకున్నాను. ఇంతలో వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. దాని నిండా కొత్త రేకులు. వెనుక యాదగిరి, జంగయ్య తడిసి నవ్వుతూ దిగారు.

"అక్కా! బావ గుర్రం గెలిచింది! మొదటిదే! దుకాణపాయనను ఇంట్లకెల్లి లేపుకొచ్చినం!"

"మీరు ఆఖరిదాని మీద గద పెడ్తరు?" అన్నాను.

"నీకు సంగతి తెల్సి మొఖం చిన్నగ చేసుకున్నవని అక్క చెప్పింది బావా. మాకు పాపమనిపించింది. ఒక్క దినం నీ మర్యాద కోసం మొదటిదాని మీద పెడ్దాం, పోతె పోయినయి అనుకున్నం."

అండాలు చెంబు కింద పెట్టింది. "మంచి పని చేసిండ్రు. అయితే నువ్వు నా పైసలు తీసి తమ్ముడికియ్యి."

జేబులో చెయ్యి పెడితే ఏముంటుంది, టికెట్టు తప్ప? అదే తీసి ఇచ్చాను. ఆమె దాన్ని బల్బు వెలుగులో పట్టి చూసింది.

"ఒకటో నంబరు," అంది.

"గది లిస్టుల ఆఖరిది గద," అన్నాడు జంగయ్య.

రేకు సందులోంచి నీటిచుక్క సరిగ్గా నా నెత్తి మీద పడింది.

"అందరు నీ మాట ఇన్నరు," అంది అండాలు. "నువ్వొక్కనివే ఇనకపోతివి."

జంగయ్య వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. "సారూ, ఇన్ని దినాలు మేం పొరపాటు చేసినం. ఇంక లిస్టు వద్దు. మీరు ఏ టికెట్టు కొన్నరో గది చెప్పుండ్రి సాలు."

మగ్గం మీది చీర నిలిచింది. అంచు దగ్గర రంగు కొంచెం దిగింది. అండాలు దాన్ని అమ్మకుండా తనే కట్టుకుంటోంది, ముఖ్యంగా నేను ఏదైనా విషయంలో సలహా ఇవ్వబోయే రోజుల్లో. యాదగిరి బాకీని నా పింఛనులోంచి ఆమే తీర్చి, నేను ప్రమాణం రాసుకున్న ఆ ఆదివారం పేజీని ఇక ఎవరూ చదవకుండా గంజితో అతికించింది.

ఇప్పుడు విప్పిన ఆ పేజీ మీద, కాలిన చెయ్యే ఉంచి, మరోసారి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గుర్రానికి గాని, గుర్రంలాంటి దేనికి గాని పందెం కట్టను. వరుస జాబితాలు రాయను, ఆఖరికి కూరగాయలకు కూడా. వాన పడే రోజున నా బుద్ధిని నమ్మను, పడని రోజున అసలే నమ్మను.

ఈ ప్రమాణం నిలబడుతుందా లేదా అని హోటల్లో జంగయ్య పందెం మొదలుపెట్టాడట. నేను ఎటు వైపు పెడతానో కనుక్కుని రమ్మని యాదగిరిని పంపాడు. నేను ఆ పేజీని మళ్లీ అతికించడానికి గంజి కలుపుతున్నాను.