అంట్లాయన బొటనవేలు

నర్సరీలో అంట్లు కట్టడం ఆయన పని. అడవి గులాబీ కాడ మీద సన్నగా గాటు పెట్టి, బెరడు విడదీసి, మంచి గులాబీ నుంచి తీసిన చిగురు కన్నును అందులోకి జొనిపి కట్టు కడతాడు. కొన్నాళ్లకు ఆ కన్ను చిగురిస్తుంది. ఎక్కడిదో వేరు, ఎక్కడిదో పువ్వు, దేవుడి దయవల్ల రెండూ ఒకటే మొక్క. అందుకే వీధిలో ఆయన్ని అందరూ అంట్లాయన అంటారు. పెళ్లయ్యాక ఆ పేరుకు ఇంకో అర్థం కూడా వచ్చి చేరింది.

"పగలంతా అంట్లు కడతాడు, పొద్దుగూకితే అంట్లు కడుగుతాడు. ఆ పేరు పెట్టినవాళ్ల నోట్లో పంచదార పొయ్యాలి," అనేది వాళ్లు అద్దెకుండే ఇల్లుగలావిడ.

పెళ్లి నెరిసిన జుట్టుతో జరిగింది. ఆయన భార్య అప్పటిదాకా తన అన్నగారింట్లో పదిమందికి వండి వార్చిన మనిషి. పగలు లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పొద్దస్తమానం వేడి పెట్టె పట్టుకున్న చేతిని చన్నీళ్లలో పెడితే నరాలు పట్టేసి వేళ్లు కొంకర్లు పోయేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన అది చూశాడు. ఆమె చేతిలోంచి పీచు తీసుకుని తాను నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అంట్లు ఆయనవే.

కష్టమనిపించలేదు సరికదా, ఆ వేళ కోసం ఎదురుచూసేవాడు. సింకు ముందు చిన్న కిటికీ, అందులో పల్చబడుతున్న వెలుగు. కంచం మీద నీళ్లు జారుతుంటే ఆయన మనసు కూడా వాటితోపాటు జారి ఎటో పోయేది. నురగ కింద గరిటెలు మొలకెత్తుతున్నట్టు, పేరు తెలియని చెట్టుకు గిన్నెలు కాసి గాలికి మెల్లగా తగులుకుంటున్నట్టు ఉండేది.

"ఏ లోకంలో ఉన్నారండీ? ఆ గ్లాసు ఎప్పుడో తెల్లబడింది. ఇంకాసేపు రుద్దితే చిల్లు పడుతుంది," అనేది ఆమె వెనకనుంచి.

ఈ ఏడు ఆ సబ్బునీళ్లే ఆయన మీద పగపట్టాయి. కుడిచేతి బొటనవేలు బీటలు వారింది. వేరే ఎవరికైనా అది చిన్న బాధే. ఆయనకు బతుకుతెరువు. బెరడు కిందికి జారిన కన్ను సరిగ్గా కూర్చుందో లేదో కంటికి కనబడదు. పైనుంచి బొటనవేలితో నిమిరితే తెలియాలి. బీటలు పడ్డ వేలికి బెరడూ రాయీ ఒకటే అయ్యాయి. కట్టిన అంట్లు వరసగా నల్లబడిపోయాయి.

నర్సరీ యజమాని కోప్పడలేదు. "బాబాయ్, కొన్నాళ్లు మొక్కలకు నీళ్లు పడుతూ ఉండు. బెరడు బాగా ఊడే కాలానికి వేలు నయమైతే కత్తి నీదే. కాకపోతే ఇంకెవరికైనా అప్పజెప్పక తప్పదు కదా," అన్నాడు మెత్తగా. తిట్టినా బాగుండేదనిపించింది అంట్లాయనకు.

వేలు చూసిన డాక్టరమ్మ సబ్బునీళ్లు మానడమే మందంది. రబ్బరు తొడుగులు వేసుకుంటే లోపల చెమట పట్టి పుండు ఇంకా పచ్చిగా మారింది. ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి గిన్నెలన్నీ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి. ఆమె చెయ్యి తువ్వాలు కింద దాచుకుని కూర్చుంది.

"ఎవరు తోమారు?"

"పిల్లి."

"ఏదీ, పిల్లిని చెయ్యి చూపించమను."

ఆమె చూపించలేదు. ఆయన తువ్వాలు తీసి, కొంకర్లు పోయిన వేళ్లను ఒక్కొక్కటే తన అరచేతిలో పెట్టుకుని సాపు చేశాడు.

"గిన్నెలు కడిగే మిషను ఉంటుందట. కొందాం," అంది ఆమె.

"ఇద్దరు మనుషులకు మిషనా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వితే వాళ్ల పళ్లే బయటపడతాయి. మన సొమ్మేం పోయింది?"

మిషనులో పడుతుందో లేదో చూద్దామని దుకాణానికి తమ కంచం ఒకటి గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లారు. దుకాణం చూసుకునేది ఒక నడివయసు ఆవిడ, కలుపుగోలు మనిషి. ఆ కంచాన్ని చూసి నవ్వలేదు. రెండు చేతులతో అందుకుంది.

"ఈ పెద్దది తీసుకోండి అన్నయ్యగారూ. ఆరుగురి సామాను పడుతుంది."

"మేమిద్దరమే వదినా," అంది ఆమె. "మిగతా నలుగుర్ని కూడా మీరే పంపిస్తారా?"

దుకాణం మనిషి పడీపడీ నవ్వింది. తర్వాత ఇద్దరికి సరిపోయే చిన్నదాని దగ్గరికి తీసుకెళ్లింది. అది వంటగట్టు మీద పెట్టుకునేది. గోడకు గొట్టం బిగించే పని లేదు. పైనుంచి నీళ్లు పోస్తే చాలు. వాడిన నీళ్లు సన్న గొట్టంలోంచి సింకులోకి పోతాయి. కంచం లోపల పెట్టి చూశారు, ఒరుసుకోకుండా నిలబడింది. దుకాణం మనిషి నీళ్లు పోసి మీట నొక్కింది.

అద్దం తలుపు వెనక చిన్న దీపం వెలిగింది. సన్నగా వాన మొదలైంది. అంట్లాయన గొంతుక్కూర్చున్నాడు. ఎండిన ఊరి మీద తొలకరి పడుతున్నట్టుంది. కంచం చంద్రుడిలా తడుస్తోంది. నీటి తెరలు వెనక్కీ ముందుకీ ఊగుతూ ఉంటే, తన కిటికీ ముందు కనబడే తోటే ఎవరో అద్దంలో పెట్టి చూపిస్తున్నట్టు అనిపించింది.

"కొందామా, ఇక్కడే కాపురం పెడదామా?" అంది ఆమె.

ఆయన లేచాడు. కానీ చెయ్యి పెద్దదాని మీద పెట్టాడు. "ఇదే తీసుకుందాం. నీ పెద్ద గిన్నె చిన్నదాంట్లో పట్టదు."

ఆ గిన్నె ఆమె అన్నగారింటి నుంచి తెచ్చుకున్నది. ఇద్దరికి వండటం ఆమె చేతికి ఇంకా అలవడలేదు. మిగిలింది మేడమీద ఒంటరిగా ఉండే ముసలాయనకు వెళ్తుంది.

"పెద్దదానికి గోడకు కన్నం పెట్టాలి. ఇల్లుగలావిడ మేకు కొడితేనే తన ఒంట్లో దిగినట్టు మూలుగుతుంది."

"కాళ్లావేళ్లా పడి ఒప్పిస్తాను. లేదంటే చిన్నదే కొని, ఆ ఒక్క గిన్నె నేను తోముతాను."

"ఒక్క గిన్నె అంటారు, దానికో మూత, మూతకో గరిటె. మళ్లీ మొదటికొస్తుంది." ఆమె ఆయన చేతిని పెద్దదాని మీంచి తీసింది. "గిన్నె మారుస్తాను. ఇన్నేళ్లూ లేని జనానికి వండింది చాలు."

"మరి మేడమీదాయనో?"

"ముగ్గురికి చాలే గిన్నె కొంటాను. ఇద్దరన్నది మిషను లెక్క. మన లెక్క కాదు."

అంట్లాయన తలవంచుకున్నాడు. తనకోసం ఏళ్లనాటి అలవాటును కూడా కడిగేసుకునే మనిషిని ఇచ్చినందుకు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

చిన్న మిషను ఇంటికొచ్చాక మొదట్లో సాయంత్రాలు ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మిషనులో నీళ్లు పోయడం తన పనే అన్నాడు. మొక్కకు పోసినట్టు సన్నని ధారగా పోసేవాడు. తర్వాత ఇద్దరూ బల్లమీద కూర్చుని అద్దంలో వాన చూసేవారు. ఆమె ఆయన వేలికి నూనె రాసేది. ఒక్కోసారి చూస్తూ చూస్తూ ఆమె కూడా ఆ లోకంలోకే వెళ్లిపోయేది. వాన ఆగిపోయినా ఇద్దరికీ తెలిసేది కాదు.

బీటలు ఒక్కొక్కటే పూడాయి. బెరడు ఊడే కాలం వచ్చింది. యజమాని కత్తి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

అంట్లాయన గాటు పెట్టాడు. కన్నును జొనిపాడు. కళ్లు మూసుకుని బొటనవేలితో మెల్లగా నిమిరాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ కన్ను కాస్త పైకి లేచి ఉంది. కొనగోటితో సర్ది మళ్లీ నిమిరాడు. ఈసారి వేలు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. కట్టు కట్టాడు.

"ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు యజమాని.

"ఇప్పుడే పడుకుంది," అన్నాడు అంట్లాయన. "కాస్త మెల్లగా మాట్లాడు."