జానెడు లేచి ఆగిన పద్మం

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిరాకు. ఫ్యూజు పోతే గాలి సోకిందనే జనంతో ఏళ్ల తరబడి పనిచేస్తే మీకైనా అంతే. అయినా ఇది మాత్రం చెప్పాలి.

తొంభైల మొదట్లో ఫిల్మ్ నగర్‌లో సెట్టింగుల మోటార్లకు కంట్రోలు బోర్డులు చేసేవాణ్ని. ఓ పౌరాణికంలో దేవత పద్మం మీద పైకి లేవాలి. హీరోయిన్‌కి డూపుగా రత్నం అనే అమ్మాయి కూర్చుంటుంది.

పద్మం కింద లిఫ్టు కట్టిన మల్లయ్య మేస్త్రి షూటింగుకి ముందే గుండెపోటుతో పోయాడు. ఆయన మనిషిని ఎక్కిస్తే ముందు జానెడు లేపి ఆపేవాడు. "జర మొఖం చూడు బిడ్డా, భయపడుతుందేమో" అనేవాడు నాతో. తర్వాతే పైకి. నా ప్రోగ్రాములో ఆ ఆగడం లేదు. ఒకే ఊపున లేవాలని డైరెక్టరు పట్టు.

బోర్డులో మోటారును పైకీ కిందికీ తిప్పే ట్రాన్సిస్టర్లు నాలుగు. వాటిని నడిపేది ఒక చిన్న చిప్పు. కరెంటు రాగానే, అది తేరుకునేలోపు నాలుగూ ఒకేసారి ఆన్ అయిపోతాయి. అప్పటికే మోటారు లైనూ ఆన్ అయి ఉంటే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఇక మోటారు ఎవరి మాటా వినదు, పైకి లాగేస్తూనే ఉండొచ్చు. రత్నం తల మీద ఇనప దూలం. అందుకే ముందు చిప్పుకి, కాసేపాగి మోటారుకి స్విచ్ వేయాలి.

ముహూర్తం షాటుకి హారతి అయ్యాక మేనేజరు అడ్డం తిరిగాడు. "శుభమా అని స్విచ్ వేస్తుంటే మధ్యలో ఆగడమేంటయ్యా? అన్నీ నిర్మాతగారి చేత్తో ఒకేసారి పడాలి" అన్నాడు. రెండు లైన్లూ ఒకే స్విచ్‌కి కలిపించాడు. ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే.

విసుగొచ్చింది. పద్మం వెనక్కి వెళ్లి బోర్డు నుంచి మోటారుకి వెళ్లే వైర్లు రెండూ పీకేశాను. షాటు చెడితే తిట్లు తింటాను, పిల్ల బతికితే చాలనుకున్నాను.

స్విచ్ పడింది. బోర్డు టప్పుమంది, పొగ వచ్చింది. పద్మం లేచింది. జానెడు లేచి ఆగింది. మళ్లీ మెల్లగా పైకి వెళ్లి, దూలానికి చాలా కిందే నిలిచి, అంతే మెల్లగా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు వైర్లూ నా గుప్పిట్లోనే ఉన్నాయి.

ఆ లిఫ్టుకి చేత్తో తిప్పే ఏర్పాటు లేదు. తర్వాత అంతా విప్పి చూశాను. వేరే వైరంటూ ఏదీ కనిపించలేదు.

రత్నం దిగి నా దగ్గరికొచ్చింది. "మేస్త్రిగారిలా జానెడు లేపి ఆపారు చూడండీ, అప్పుడుగానీ నాకు ధైర్యం రాలేదు" అంది.

వైర్లు వెనక దాచుకుని తలూపాను. అదెలా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ తర్వాత మనిషి ఎక్కే ఏ మోటారుకైనా, ఎవరు వద్దన్నా సరే, జానెడు దగ్గర ఆగేలా రాసి గానీ ఇంటికెళ్లలేదు.