మధూకరం మానితేనే రా

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా చిన్నాయన. తొంభైల మొదట్లో హోసూరు పక్క బాగలూరు దగ్గర మా ఊళ్లో పిల్లలమంతా తమిళ బడికే పోయేవాళ్లం. ఇంట్లో మాట్లాడే భాష రాయడం రాకపోతే ఎట్లా అని, మా గులాబీ తోటలో పూలు కోయడం అయ్యాక నన్ను గట్టుమీద కూర్చోబెట్టి పలకమీద దిద్దించేవాడు. నాకు గుణింతాలు వచ్చీ రాకముందే ఒకరోజు ఇల్లు విడిచిపోయి, ఎక్కడో మఠంలో సన్యాసం తీసుకున్నాడు. అక్షరాలు ఇచ్చాడు గానీ మాటలు ఇచ్చేదాకా ఉండలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

రెండేళ్లకు ఒక కార్డు వచ్చింది. మా అవ్వకు, అంటే ఆయన్ను కన్నతల్లికి, చదువు రాదు. నాన్నకు చదవడం వచ్చింది తమిళమే. కాబట్టి ఐదో తరగతి చదివే నేనే ఆ ఇంటికి తెలుగు పండితురాలిని. అవ్వ వాకిట్లో కనకాంబరాలు కడుతున్నదల్లా ఆపేసి చదవమంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"రోజూ మధూకరమే. మొదట్లో సిగ్గుపడ్డాను, ఇప్పుడు అలవాటైంది. వీధులు పట్టి తిరుగుతున్నాను. వచ్చే నెల మన వైపు వస్తాను. అమ్మ రమ్మంటే మన గడప ముందు నిలబడతాను."

మధూకరం అంటే ఏమిటని అవ్వ అడిగింది. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ పండితురాలికి తెలియనిది ఉంటుందా? తమిళంలో మదు అంటే సారాయి. మా బడి గోడమీదే మదువు వద్దని గజమంత అక్షరాలతో రాసి ఉండేది. తమిళంలో ద అయినా ధ అయినా ఒకటే అక్షరం. దీర్ఘాన్ని నేను లెక్కచేయలేదు. కరం అంటే చెయ్యి. ఇంకేం, చిన్నాయన చేతిలో సారాయి పెట్టుకుని వీధులు తిరుగుతున్నాడని అర్థం చెప్పేశాను.

మా తాత పోయింది తాగుడుతోనే. ఈ సంగతి నాన్నకు కూడా చెప్పొద్దని అవ్వ నాచేత ఒట్టు వేయించుకుంది. మర్నాడు నాచేతే జవాబు రాయించింది.

"మధూకరం మానితేనే రా అని రాయి పాపా. మానకుంటే నా గడప తొక్కొద్దని రాయి."

పొల్లు పోకుండా రాశాను. ధకు ఒత్తు కూడా మరిచిపోలేదు.

ఆ మరుసటి నెలలో రెండో కార్డు వచ్చింది. దాని మీద మా ఊరికి రెండు గంటల దూరంలోని కృష్ణగిరి ముద్ర ఉంది. అక్కడి బస్టాండు దాకా వచ్చాననీ, అమ్మ మాట దాటి అవతల బస్సెక్కలేకపోయాననీ, మానడం మాత్రం ఈ జన్మకు తన చేత కాదనీ రాశాడు. అవ్వ విని, అంత దూరం వచ్చి కూడా మానలేకపోయాడే అని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత కార్డులు రాలేదు.

కోపం కోపమే, ఎదురుచూపు ఎదురుచూపే. హోసూరు బస్సులో కాషాయం కనబడితే చాలు, మొహం చూడడానికి అవ్వ సీట్లోంచి లేచి నిలబడేది. ఆ మనిషి దగ్గరికొస్తే ఊపిరి పీల్చి వాసన చూసేది. వాసన రాకపోతే, వీళ్లంతా తాగకుండానే ఉన్నారు, వాడే మానలేకపోయాడని ఆమెకు ఇంకా దిగులు. నాకు సిగ్గుగా ఉండేది, కొంగు పట్టి లాగేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగానికి చేరాను. ఆంధ్రా నుంచి వచ్చిన పెళ్లికాని ఉద్యోగి ఒకాయన మధ్యాహ్నం అందరి క్యారియర్లలోంచి తలా ఒక ముద్ద పెట్టించుకుని తినేవాడు. నాది మధూకరం బతుకండీ అన్నాడు ఒకరోజు. ఆఫీసులో కూడా తాగుతారా అన్నాను. ఆయన పొలమారేంతగా నవ్వి, తర్వాత చెప్పాడు. సన్యాసులు ఏ ఒక్క ఇంటికీ బరువు కాకుండా, నాలుగైదు ఇళ్ల ముందు నిలబడి పిడికెడు పిడికెడు అన్నం తీసుకుని బతకడం మధూకరమట. తేనెటీగ పువ్వు నలగకుండా తేనె తీసుకుపోయినట్టు. మధువంటే తేనెట.

నేను గులాబీ తోటలో తేనెటీగల మోత వింటూ పెరిగినదాన్ని. ఆ గట్టుమీదే చిన్నాయన నాకు ధ దిద్దించాడు. డబ్బా మూత పెట్టేశాను.

ఒకప్పుడు జవాబు పంపిన మఠానికే మళ్లీ ఉత్తరం రాశాను. ఆయన ఏనాడో ఉత్తరాదికి వెళ్లిపోయాడనీ, ఎక్కడున్నదీ తెలియదనీ జవాబొచ్చింది. ఇక అవ్వకు చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆకువక్క డబ్బా అడుగు నుంచి మొదటి కార్డు తీసి నా చేతికిచ్చింది.

"ఇంగొకసారి చదువు పాపా."

చదివాను. అవే అక్షరాలు. గడప అన్న మాట దగ్గర అవ్వ నన్ను ఆపింది.

"అయితే వాడు నన్ను అడిగింది పిడికెడు బువ్వా?" అంది అవ్వ. ముడతలు పడ్డ తన చేతిని ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి చూసుకుంది.

"పిడికెడంటే ఎవరి పిడికిలి పాపా? వానిదా, నాదా?"

ఈసారి తెలియదనే చెప్పాను.