లింగం చేసిన టోఫూ

లింబాయత్ మగ్గాల వాడకు వలసొచ్చి పవర్‌లూమ్ నడిపే లింగం ఏ పనైనా కొట్లాటలాగే చేస్తాడు. కూరగాయలవాడి చొక్కా పట్టుకునే బేరమాడతాడు. రెండో విడత కరోనా తగ్గాక కూడా అతని భార్య సుభాషిణి లేవలేకపోయింది. పాలు పడవు, మాంసం వాసనకే వాంతి. సోయా పాలు విరగ్గొట్టి టోఫూ చేసి పెట్టమన్నాడు డాక్టరు. లింగం నానిన సోయా గింజలను రోట్లో చావబాదాడు. వడకట్టిన పాలు కాచి, నిమ్మరసం పిండి, విరిగినదాన్ని మగ్గం మీది కొత్త గుడ్డలో మూటకట్టి పైన బండరాయి పెట్టాడు. నూలుకు పట్టించిన గంజి, మెషిన్ నూనె కంపు టోఫూకు అంటుకున్నాయి. సుభాషిణి మొదటి ముక్కే ఉమ్మేసింది.

మర్నాడు గుడ్డను మూడుసార్లు ఉడకబెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. పక్కింటి సాంబయ్య తొంగిచూశాడు. "ఏంది లింగా, ఆడోళ్ల పని మంచిగనే పట్టినవ్! చీర గిట్ల కట్టుకోరాదు?"

లింగం ఇనుప గరిటెతో అతని మూతి మీద కొట్టాడు. పెదవి చీలి, రక్తం గడప మీద పడింది.

ఆ తర్వాత ముక్కలను ఉప్పు, పసుపు వేసి దోరగా వేయించి తెచ్చాడు. నాలుగు రోజులుగా ఏమీ తినని సుభాషిణి పళ్లెం నెట్టేసింది.

"ముందుగాల సాంబన్నకు పెట్టిరా. ఆయన తింటెనే నేను తింట."

లింగం వెళ్లి సాంబయ్య తలుపు తట్టాడు. లోపల గొళ్లెం పడింది.

"ఒక్క ముక్క తినన్నా, అది తింటలేదు" అన్నాడు లింగం, తలుపుకు నుదురు ఆనించి.