చాటలో తెచ్చిన పేరు

మాది మణుగూరు. మా ఆయన బొగ్గు గనిలో పనిచేస్తారు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక మాకు పాప పుట్టింది. చుట్టుపక్కల ఎవరికీ లేని పేరు పెట్టాలని వెతికి వెతికి ‘మేదిని’ అనుకున్నాను. భూమి అని అర్థం.

పేరు పెట్టే రోజు పొద్దున లేచి చూస్తే ఉయ్యాలలో పాప లేదు. పెరట్లోకి పరుగెత్తాను. మా అత్తమ్మ పాపను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప పక్కన ఉంచింది. పక్కింటామె ఆ చాట ఎత్తుకుని, “ఎవలో పారేసిన పిల్ల. సాదుకుంటవా?” అని అత్తమ్మనే అడుగుతోంది.

“నా బిడ్డను చెత్తలో పెడతారా!” అని అరిచాను.

అత్తమ్మ పాపను గుండెకు అదుముకుని కూలబడింది. “నీ మొగని కన్నా ముందు నాకొక బిడ్డ పుట్టిందే. సక్కని పేరు పెట్టుకున్న. యాడాది నిండకముందే పోయింది. ఎవలికీ అక్కరలేని పిల్లంటే సావు సుత వద్దంటదట. నీ మొగనికి గిట్లనే చేస్తే దక్కిండు.”

ఆ బిడ్డ పేరేమిటని అడిగాను. తల అడ్డంగా ఊపింది తప్ప చెప్పలేదు.

బడిలో పాప మేదిని. అత్తమ్మకు మాత్రం చివరిదాకా పెంటమ్మే. ఆ పిలుపు వినబడితే చాలు, పాప ఉరికేది.

ఈమధ్యే అత్తమ్మ పోయింది. కర్మ అయిన మర్నాడు పాప నా కొంగు పట్టుకుని, “అమ్మా, ఇగ నన్ను పెంటమ్మా అని ఎవరు పిలుస్తరు?” అంది.

నేనే పిలుద్దామని నోరు తెరిచాను. అంతలో తొలి బిడ్డ పోయాక అత్తమ్మ ఎన్నడూ పలకలేకపోయిన ఆ పేరు సంగతి గుర్తొచ్చింది. అదేమిటో ఇక మాకెవ్వరికీ తెలియదు.